అపరాధ పరిశోధన కథలు – పాఠక గోష్ఠులు

గ్రామ గ్రంథాలయములలో ఒక వింత తరచుగా కానవచ్చును. గాజు తలుపుల బీరువాలలో కావ్యములు, పురాణములు, చరిత్ర గ్రంథములు చెక్కు చెదరక నిలిచియుండును. అట్టలూడి, మూలలు నలిగి, పలుమారులు బైండు చేయబడిన పుస్తకములు వేరొక అరలో నుండును. అవి అపరాధ పరిశోధన నవలలు. ఇట్టి పుస్తకములు గ్రంథాలయమున నుండదగునా యని పెద్దలు కొందరు ప్రశ్నించుటయు, చందాదారులు వానినే యడిగి తీసికొని పోవుటయు ఎన్నో యూళ్లలో జరుగుచు వచ్చిన సంగతియే. ఈ వివాదమునకు సమాధానము ఆ కథల చరిత్రలోనే కలదు. ఒంటరిగా చదివినపుడు కాలక్షేపమనిపించు ఈ కథలను పదిమంది కూడి చదివి చర్చించినపుడు ఏమి జరిగినదో, అందువలన ఎవరికి మేలు కలిగినదో తెలిసికొనుట రజతోత్సవ సమయమున అప్రస్తుతము కాదు.

గ్రంథాలయమున కలిసిన ఇద్దరు పాఠకులు

1841వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా నగరమున వెలువడుచుండిన గ్రేహామ్స్ మేగజైన్ అను మాసపత్రికలో ఎడ్గార్ ఎలన్ పో రచించిన ‘మోర్గ్ వీధి హత్యలు’ అను కథ ప్రకటింపబడెను. ఆధునికమైన అపరాధ పరిశోధన కథలలో ఇదియే మొదటిదని సాహిత్య చరిత్రకారులు సాధారణముగా అంగీకరింతురు. ఈ కథలోని పరిశోధకుని పేరు ద్యూపాఁ. అతడు పోలీసు ఉద్యోగి కాడు. పారిసు నగరమున పేదరికముతో కాలము గడుపు ఒక పుస్తకప్రియుడు. కథ చెప్పు మిత్రునికిని అతనికిని తొలి పరిచయము మోంమార్త్ర్ వీధిలోని ఒక మారుమూల గ్రంథాలయమున కలిగినది. ఇద్దరును ఒకే అపురూప గ్రంథమును వెదకుచు అచటికి వచ్చి మాట కలిపిరి. పిదప ఒకే యింట నివసించుచు, కలిసి చదువుకొనుచు, చదివినదానిని గూర్చి చర్చించుకొనుచుండిరి. కావున అపరాధ పరిశోధన కథ గ్రంథాలయమున కలిసికొన్న ఇద్దరు పాఠకుల గోష్ఠితో ఆరంభమైనదని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఆ కథలో తల్లియు కూతురును హత్యకు గురియగుదురు. పోలీసులు ఒక బ్యాంకు గుమాస్తాను బంధింతురు. అతడు ఆ తల్లికి బ్యాంకునుండి డబ్బు తెచ్చి యిచ్చినవాడు. అంతకు మించిన సాక్ష్యము లేదు. ఆ గుమాస్తా పూర్వము ద్యూపాఁకు ఒక ఉపకారము చేసియుండెను. ఆ కృతజ్ఞతయు ద్యూపాఁ పరిశోధనకు పూనుకొనుటకు ఒక కారణము. అతడు మొట్టమొదట చేసిన పని పత్రికలలో పడిన సాక్షుల వాఙ్మూలములను జాగ్రత్తగా చదువుట. మేడపైనుండి వినవచ్చిన ఒక కీచుగొంతును గూర్చి సాక్షులలో ఒకడు అది స్పానిషు భాషయనెను; ఆంగ్లేయుడు జర్మను భాషయనెను; స్పెయిను దేశీయుడు ఇంగ్లీషనెను; ఇటలీవాడు రష్యను భాషయనెను. వీరిలో ప్రతివాడును తనకు రాని భాషనే పేర్కొనెను. ఆ గొంతు పరాయివానిదని ప్రతివాడును నమ్మెను. ఎరుగనివారిపై అనుమానము ఎంత తేలికగా పోవునో ఈ చిన్న ఘట్టము తెలుపుచున్నది. అసలు సంగతి ఏమో ఇచట వెల్లడించుట కథను చదువబోవువారికి అపకారము చేయుటయగును. ఆ గుమాస్తా నిర్దోషిగా విడుదలయ్యెనని మాత్రము చెప్పవచ్చును.

ఇట్టి కథ ఆ కాలముననే పుట్టుటకు కారణము లేకపోలేదు. పూర్వకాలమున అనేక దేశములందు నేరమును తేల్చుటకు చిత్రహింసలే సాధనములు. నిప్పు, నీరు, విషము మున్నగువానితో జరుపు దివ్యపరీక్షలు మన ధర్మశాస్త్రములలోను చెప్పబడియున్నవి. హింసకు తాళలేక ఒప్పుకొన్నవాడే దోషి యగుచుండెను. సాక్ష్యమును పరిశీలించి నేరమును నిరూపింపవలెనను భావము బలపడిన తరువాతనే పరిశోధకుడను వానికి పని కలిగినది. లండను నగరమున 1829లో క్రమమైన పోలీసు దళమును, 1842లో ప్రత్యేక పరిశోధక శాఖయు ఏర్పడెను. నిజముగా పరిశోధకులు ఉద్యోగమునకు వచ్చిన ఆ దినములలోనే కథలలోని పరిశోధకుడును అవతరించెను.

శ్రీరంగపట్టణపు వజ్రము

1868లో ఆంగ్ల రచయిత విల్కీ కాలిన్స్ ‘చంద్రకాంత మణి’ అని అర్థము వచ్చు ‘ది మూన్‌స్టోన్’ నవలను ప్రకటించెను. అంతకుముందు అది చార్లెస్ డికెన్స్ నడుపుచుండిన వారపత్రికలో ధారావాహికగా వెలువడెను. ఈ కథకు మూలమైన పచ్చవజ్రము భారతదేశపు దేవతా విగ్రహమునకు చెందినది. 1799లో శ్రీరంగపట్టణము ఆంగ్లేయుల వశమైనపుడు ఒక సైనికాధికారి దానిని దోచుకొనును. పిమ్మట అది ఇంగ్లండులోని ఒక సంపన్న గృహమునకు చేరి, ఒక రాత్రి మాయమగును. అనుమానము మొదట ఎవరిమీదికి పోయెనో గమనింపదగును. ఆ మణికై వెదకుచు వచ్చిన ముగ్గురు హిందువులమీదికిని, పూర్వము దొంగతనమునకు శిక్షననుభవించిన ఒక పేద పనిమనిషిమీదికిని అది పోయెను. ఆ రాత్రి జరిగిన చౌర్యమునకు వీరెవ్వరును కర్తలు కారు. ప్రఖ్యాతుడైన పోలీసు అధికారియు తొలుత పొరబడెను.

ఆ నవలను ఒకరి తరువాత ఒకరుగా పలువురు పాత్రలు చెప్పుదురు. ప్రతివారును తాము కన్నది, తమకు తెలిసినది మాత్రమే చెప్పవలెను గాని విన్నకబురులు చేర్చరాదని కథలోనే నియమము కలదు. న్యాయస్థానమున సాక్షికుండు నియమము ఈ విధముగా పాఠకుని యింటికి వచ్చినది. వారము వారము పత్రికను తెచ్చుకొన్న కుటుంబములు తదుపరి సంచిక వచ్చుదాక దొంగ ఎవరని తర్కించుకొనుటకు ఇందు కావలసినంత అవకాశము కలదు.

బేకరు వీధి పాఠకులు

ఈ కథలకు ప్రపంచమంతట పాఠకులను సంపాదించిపెట్టినవాడు సర్ ఆర్థర్ కానన్ డాయిల్. 1859లో ఎడింబరో నగరమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించిన ఈ రచయిత, తన గురువైన డాక్టరు జోసెఫ్ బెల్ రోగిని చూడగానే అతని వృత్తిని, వచ్చిన చోటును చెప్పగలుగు నేర్పును గమనించి, షెర్లాక్ హోమ్స్ అను పాత్రను సృష్టించెను. 1887లో తొలి నవల వెలువడెను. 1891 జూలై నుండి స్ట్రాండ్ మాసపత్రికలో చిన్నకథలు రాసాగెను. 1927 నాటికి నాలుగు నవలలు, ఏబదియారు కథలు, మొత్తము అరువది రచనలు పూర్తియైనవి. 1893 డిసెంబరు సంచికలో హోమ్స్ స్విట్జర్లాండులోని జలపాతమున పడి మరణించినట్లు రచయిత వ్రాయగా పాఠకులు ఆగ్రహించి వేలకొలది చందాలు మానుకొనిరి. రచయిత పదేండ్లు పట్టుపట్టి తుదకు 1903లో అతనిని తిరిగి బ్రతికింపవలసి వచ్చెను.

చదువరులు ఈ కథలను చదివి ఊరకుండలేదు. శాస్త్రగ్రంథముల వలె పరిశీలింపసాగిరి. 1911లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇరువది మూడేండ్ల రొనాల్డ్ నాక్స్ ఒక విద్యార్థి గోష్ఠిలో హోమ్స్ కథలపై ఒక వ్యాసము చదివెను. వేదవేదాంగములపై పండితులు చేయు చర్చవలె, బైబిలుపై ఆనాటి విమర్శకులు చేయుచుండిన పరిశోధనను అనుకరించుచు, కథలలోని వైరుధ్యములను గంభీరముగా విచారించిన హాస్యవ్యాసమది. అటుపిమ్మట ఇట్టి చర్చలు పెరిగెను. డాక్టరు వాట్సనుకు యుద్ధములో తగిలిన తుపాకిగుండు మొదటి నవలలో భుజమునను, రెండవదానిలో కాలునను ఉన్నది, ఏది నిజము? అతని పేరు జాన్ కాగా ఒక కథలో అతని భార్య అతనిని జేమ్స్ అని పిలిచినది, ఏల? రచయిత మరపువలన జరిగిన పొరపాటులని అందరికిని తెలియును. అయినను కథలోని మాటలను మాత్రమే ఆధారముగా గొని సమాధానము చెప్పవలెనని పాఠకులు తమకు తామే నియమము పెట్టుకొనిరి. ప్రసిద్ధ రచయిత్రి డొరోతీ సేయర్స్, వాట్సను పేరునందలి నడిమి అక్షరము ‘హేమిష్’ అను పేరునకు గుర్తనియు, అది జేమ్స్ అను పేరునకు స్కాట్లండు రూపమనియు, అందుచేతనే భార్య అట్లు పిలిచినదనియు వాదించెను. ఊహయే యైనను ఇది పుటలోని యక్షరమును ఆశ్రయించిన ఊహ.

1934లో న్యూయార్కు నగరమున క్రిస్టఫర్ మోర్లీ అను రచయిత ‘బేకరు వీధి ఇర్రెగ్యులర్స్’ అను పాఠకసంఘమును స్థాపించెను. కథలలో రోజుకొక షిల్లింగు కూలికి హోమ్స్‌కు వార్తలు తెచ్చియిచ్చు వీధిపిల్లల గుంపునకు గల పేరే ఇది. ఆ యేడు మే మాసమున ఒక సాహిత్య వారపత్రికలో హోమ్స్ కథలపై పదబంధ ప్రహేళిక ప్రకటించి, దానిని పూరింపగలిగినవారికి ప్రవేశార్హత కలదని చాటిరి. సంఘపు విందుగోష్ఠి డిసెంబరులో జరిగెను. కాలక్రమమున అమెరికాలోని అనేక నగరములలో దీనికి శాఖాసంఘములు బయలుదేరెను. వానిలో వైద్యులు, న్యాయవాదులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు సమానముగా కూర్చుండి ఒక్కొక్క సమావేశమునకు ఒక్కొక్క కథను తీసికొని ప్రశ్నోత్తరములు జరుపుట వాడుకయైనది.

ఈ సంఘమునకు ఒక లోపము చిరకాలము అంటియుండెను. విందుగోష్ఠికి స్త్రీలకు ప్రవేశము లేదు. కథలను స్త్రీలును చదువుచుండిరి; వ్యాసములు వ్రాయుచుండిరి. 1968లో కొందరు కళాశాల విద్యార్థినులు తామే యొక సంఘమును స్థాపించుకొని, చలికాలమున విందు జరుగు భోజనశాల యెదుట ప్లకార్డులు పట్టుకొని నిలిచిరి. 1991లో గాని మాతృసంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. న్యాయమును గూర్చి చదువువారును తమ వాకిటి అన్యాయమును గుర్తించుటకు ఏండ్లు పట్టునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

గ్రంథాలయోద్యోగులు చేసిన పని

ఇంగ్లండున ఈ ఉద్యమమునకు ఊపిరి పోసినది ఒక స్థానిక గ్రంథాలయమే. 1951లో బ్రిటనులో జాతీయోత్సవము జరుగుచుండగా ప్రతి ప్రాంతమును ఏదేని ప్రదర్శనమును ఏర్పాటు చేయవలసియుండెను. బేకరు వీధి లండనులోని సెయింట్ మేరిలబోన్ పురపాలక విభాగమునకు చేరినది. ఆ విభాగపు ప్రజాగ్రంథాలయమువారు షెర్లాక్ హోమ్స్ ప్రదర్శనము జరుపుదమనిరి. ఎన్నడును జీవింపని కల్పితపురుషునకు ప్రదర్శనమేమని తొలుత అభ్యంతరములు వచ్చెను. అంతట డాక్టరు వాట్సను మున్నగు కథాపాత్రల పేర్లతో ‘టైమ్స్’ పత్రికకు లేఖలు వచ్చి, ఊరంతయు నవ్వుచు చర్చించి, తుదకు గ్రంథాలయమువారి యోచనయే నెగ్గెను.

గ్రంథాలయోద్యోగులు కథలన్నిటిని వెదకి, హోమ్స్ నివసించిన గదిలో ఏయే వస్తువులున్నట్లు చెప్పబడినదో జాబితా వ్రాసిరి. పాదరక్షలో దాచిన పొగాకు, గోడపై తుపాకిగుండ్లతో చెక్కిన రాణిపేరి మొదటి అక్షరములు, రసాయనములతో కాలి మచ్చలు పడిన బల్ల మున్నగునవన్నియు సమకూర్చి గదిని నిర్మించిరి. ప్రదర్శనము బేకరు వీధిలోని అబీ హౌస్ భవనమున జరిగెను. దానికై శ్రమించినవారు విడిపోవుటకు మనసొప్పక అదే యేట లండను షెర్లాక్ హోమ్స్ సంఘమును నెలకొల్పిరి. గది మరుసటియేట న్యూయార్కునకు వెళ్లి వచ్చి, 1957 నుండి లండనులో ఆ పరిశోధకుని పేరుతోనే నడచు ఒక పానశాల మేడపై ప్రదర్శింపబడుచున్నది. 1965లో సెయింట్ మేరిలబోన్ విభాగము వెస్ట్‌మినిస్టరులో విలీనమైనను గ్రంథాలయము సేకరించిన పుస్తకములు, కాగితములు చెదరిపోక ఒక ప్రత్యేక సంపుటిగా నిలిచెను.

కెనడా దేశమున టొరంటో నగర గ్రంథాలయము 1971లో కానన్ డాయిల్ రచనల ప్రత్యేక విభాగము నేర్పరచినది. ఆ సందర్భమున కూడిన పాఠకులు 1972లో ‘టొరంటో చర్మకారులు’ అను అర్థము గల పేరుతో సంఘము పెట్టుకొనిరి. ఆ పేరునకు కారణము విచిత్రమైనది. ‘బాస్కర్‌విల్ జాగిలము’ నవలలో దొంగిలింపబడిన ఒక జోడు లోపల తోలుపై దానిని కుట్టినవాని పేరు మేయర్స్ అనియు, ఊరు టొరంటో యనియు ముద్రవేసియుండును. అంతే. కథలో తమ ఊరు పేరు వచ్చిన ఆ ఒక్క పంక్తిని వారు విడువలేదు. సంఘాధ్యక్షుని ‘మేయర్స్’ అనియే పిలుచుట నేటికిని వారి ఆచారము.

పాఠకునితో ధర్మయుద్ధము

పాఠకులు ఇంత జాగ్రత్తగా చదువుచుండగా రచయితలకును నియమములు అవసరమాయెను. 1929లో, పూర్వము ఆక్స్‌ఫర్డులో వ్యాసము చదివిన రొనాల్డ్ నాక్స్ ఈ కథలకు పది నియమములు ప్రకటించెను. అప్పటికాయన క్రైస్తవ గురువై యుండెను. పరిశోధకునికి దొరికిన ప్రతి ఆధారమును పాఠకునికిని చూపవలెను. దైవశక్తులతో చిక్కు విప్పరాదు. పరిశోధకుడే నేరస్థుడు కారాదు మున్నగునవి అందలి విషయములు. చైనా దేశీయుని కథలోనికి తేరాదను నియమము కూడ వానిలో ఒకటి. ఆ కాలపు చౌకనవలలలో చైనావాడు కనబడిన చాలు, దుష్టుడు వాడే యగుట పరిపాటి. ఆ పాతపాట పాడవద్దని నాక్స్ హెచ్చరిక. దోషిని జాతినిబట్టి పోల్చుకొనుట సోమరి రచయిత చేయు పనియని దీని తాత్పర్యముగా గ్రహింపవచ్చును.

1930లో లండనున ‘డిటెక్షన్ క్లబ్’ అను రచయితల సంఘము ఏర్పడెను. ఆంథొనీ బర్క్‌లీ దానికి ప్రేరకుడు, జి. కె. చెస్టర్‌టన్ ప్రథమాధ్యక్షుడు, అగథా క్రిస్టీ, డొరోతీ సేయర్స్ సభ్యులు. చేరువారు తమ పరిశోధకుడు బుద్ధిబలముతోనే నేరమును తేల్చుననియు, ముఖ్యమైన ఆధారమును పాఠకునినుండి దాచమనియు ప్రమాణము చేయవలెను. వినోదముగా జరిగినను ఈ ప్రమాణమునకు వెనుక గట్టి ధర్మము కలదు. 1926లో అగథా క్రిస్టీ ప్రకటించిన ‘రోజర్ అక్రాయిడ్ హత్య’ అను నవల ముగింపు చూచి, రచయిత్రి మోసము చేసినదని కొందరును, ఆధారములన్నియు ముందే యిచ్చినది కావున మోసము లేదని కొందరును వాదులాడిరి. ఆ వాదము నేటికిని గోష్ఠులలో సాగుచున్నది. దానిని పరిష్కరించుకొనుటకు మార్గమొక్కటియే. పుస్తకము మరల తెరచి, ఏ పుటలో ఏమి వ్రాసియున్నదో చూడవలెను.

కథ విడిచి జీవితములోనికి

ఈ అలవాటు ఒక నిజమనుష్యునికి ప్రాణరక్షణమైన కథ కలదు. బొంబాయి పార్శీ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన షాపూర్జీ ఎదల్జీ ఇంగ్లండులో గ్రేట్ వర్లీ అను గ్రామమున మతగురువుగా నుండెను. అతని కుమారుడు జార్జి ఎదల్జీ న్యాయవాది. 1903లో ఆ గ్రామ పరిసరములలో రాత్రివేళ పశువులను, గుర్రములను కత్తితో చీల్చి చంపుట జరుగుచుండెను. ఆకాశరామన్న ఉత్తరములు వచ్చుచుండెను. పోలీసుల అనుమానము ఊరిలో రంగు వేరైన ఆ యొక్క యింటిమీద పడెను. జార్జికి ఏడేండ్ల కఠిన శిక్ష విధింపబడెను. పదివేలమంది సంతకములతో విన్నపము పోయెను. మూడేండ్ల తరువాత, 1906లో, కారణము చెప్పకయే అతనిని విడుదల చేసిరి. నేరస్థుడను ముద్ర పోలేదు. వృత్తి తిరిగి రాలేదు.

అతడు కానన్ డాయిల్‌కు తన మొర వ్రాసికొనెను. 1907 జనవరిలో ఆయన అతనిని చూచుటకు లండనులోని ఒక హోటలుకు కొంచెము ఆలస్యముగా వెళ్లెను. ఎదల్జీ అచట కూర్చుండి పత్రిక చదువుచుండెను. పత్రికను కండ్లకు మిక్కిలి దగ్గరగా, ఒక ప్రక్కకు పట్టుకొని చదువుచుండెను. కంటివైద్యము నేర్చిన డాయిల్ గుమ్మమునుండియే దానిని గమనించెను. ఇంతటి హ్రస్వదృష్టి గలవాడు వానకురిసిన చీకటిరాత్రి, రైలుపట్టాలు, కంచెలు, కందకములు దాటి, పొలములో మేయు జంతువును వెదకి పట్టుకొని గాయపరచి తిరిగి వచ్చుట సాధ్యమా యని ఆయన ప్రశ్నించెను. ఆ ప్రశ్నతో ఆరంభించి కాగితములన్నియు చదివి, గ్రామమునకు వెళ్లి చూచి, ‘డెయిలీ టెలిగ్రాఫ్’ పత్రికలో రెండు దీర్ఘవ్యాసములు ప్రకటించెను. వేలకొలది పాఠకులు వానిని చదివి లేఖలు వ్రాసిరి. ప్రభుత్వము విచారణసంఘమును నియమించి, మే నెలలో ఎదల్జీ పశుహింసా నేరము చేయలేదని ఒప్పుకొనెను. అయినను ఉత్తరములు అతడే వ్రాసెనని చెప్పి నష్టపరిహారము నిరాకరించెను. అరకొర న్యాయమే యైనను అతడు మరల న్యాయవాదవృత్తి చేసికొనగలిగెను. ఇంగ్లండున శిక్షపడినవాడు అప్పీలు చేసికొనుటకు ప్రత్యేక న్యాయస్థానము అంతవరకు లేదు. ఆ యేటనే దానికి చట్టము వచ్చుటకు ఈ యుదంతమును ఒక కారణమని చరిత్రకారులు చెప్పుదురు.

ఆస్కార్ స్లేటర్ అను జర్మను యూదుని కథయు ఇట్టిదే. గ్లాస్గో నగరమున ఒక వృద్ధురాలిని హత్యచేసెనని 1909లో అతనికి మరణదండన విధించి, పిదప యావజ్జీవశిక్షగా మార్చిరి. 1912లో డాయిల్ సాక్ష్యములోని లోపములను చూపుచు చిన్న పుస్తకము వ్రాసెను. ప్రయత్నములు ఫలించి అతడు 1927లో విడుదలయగునప్పటికి పదునెనిమిదేండ్లు గడచిపోయెను. 1928లో శిక్ష రద్దాయెను. ఈ ఇద్దరును పరదేశస్థుల రక్తము కలవారు. మోర్గ్ వీధి కథలోని సాక్షులు వినని భాషను పరాయిదని నమ్మినట్లే, ఇచట సాక్షులును, జ్యూరీలును పరాయివానిని సులభముగా నమ్మలేకపోయిరి.

తెలుగునేల

ఆంధ్రులకు ఈ విధమైన విచారణ కొత్తది కాదు. మర్యాద రామన్న తీర్పుల కథలు ఇంటింట వినబడునవే. ఇద్దరు స్త్రీలు నేతిని గూర్చి తగవులాడుచు రాగా, రామన్న వారిని బురదలో నడిపించి, కాళ్లు కడుగుకొనుటకు చెరియొక చెంబు నీళ్లిచ్చెనట. ఒకతె పొదుపుగా కడుగుకొని నీళ్లు మిగిల్చెను. వేరొకతె అన్నియు పారబోసి ఇంకను కావలెననెను. పాడి యెంతయున్నను నేయి నిలువని యిల్లు ఎవరిదో అంతటితో తేలిపోయెను. ప్రమాణములు చేయింపక, బెదిరింపక, గుణమును క్రియలో చూచి తీర్పు చెప్పుట ఈ కథలోని నీతి.

ఇరువదవ శతాబ్దారంభమున వంగభాషనుండి వచ్చిన అనువాదములతో తెలుగున అపరాధ పరిశోధన నవల వ్యాప్తి చెందెను. అదే కాలమున గ్రంథాలయోద్యమమును పెరిగెను. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణమై నిలిచిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టెను. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువలో పడవపై గ్రంథాలయము నడచెను. చదువురానివారికి పత్రిక చదివి వినిపించుట ఆనాటి పఠన మందిరములలో నిత్యకృత్యము. తరువాతి కాలమున కొమ్మూరి సాంబశివరావుగారి పరిశోధకుడు యుగంధర్, అతని సహాయకుడు రాజు ఊరూర పాఠకులను సంపాదించుకొనిరి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ను రచించిన ఆరుద్రగారు సైతము పరిశోధన నవలలు వ్రాయుటకు వెనుదీయలేదు. గ్రంథాలయపు గడప ఎన్నడును ఎక్కనివారు పలువురు ఈ పుస్తకములకై మొదటిసారి యెక్కి, పిమ్మట తక్కిన అరలను చూచిరి.

అదే తెలుగునేల వేరొక అనుభవమును ఎరిగియున్నది. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టము చేసెను. 1911లో సవరించి మద్రాసు రాజధానికి వర్తింపజేసిరి. దాని క్రింద కొన్ని కులములలో పుట్టిన ప్రతివాడును, ఏ నేరమును చేయకున్నను, అనుమానితుడే. వారి పేర్లు పోలీసు రిజిస్టరులో చేర్చుట, హాజరు వేయించుట, సెటిల్‌మెంటులలో ఉంచుట సాగెను. బాపట్ల ప్రాంతమందలి స్టూవర్టుపురము అట్టి సెటిల్‌మెంటే. వేటపాలెమున సారస్వత నికేతనము దీపము వెలిగించిన దినములలోనే, అదే ప్రాంతమున ఎరుకల కుటుంబములు పుట్టుకనుబట్టి దొంగలని వ్రాయబడియుండిరి. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను మాట త్వరగా పోలేదు. ఊరిలో ఒక గొలుసు పోయిన చాలు, పనిమనిషి పేరో, పొలిమేరలోని గుడిసెవాసి పేరో ముందు వినబడుట నేటికిని అరుదు కాదు.

గోష్ఠి జరుపు విధము

ఇట్టిచోట పరిశోధన కథల గోష్ఠి నిరుపయోగమని ఎవరనగలరు? దానికి వ్యయము లేదు. వారమునకొక సాయంకాలము పఠన మందిరమున పదిమంది కూడిన చాలును. ఒకరు కథను బిగ్గరగా చదువవలెను. చదువురానివారు విని పాల్గొనవచ్చును. చివరి ప్రకరణమునకు ముందు పుస్తకము మూసి, ఒక్కొక్కరిని నేరస్థుడెవరో, ఏ ఆధారమునుబట్టి అట్లనుకొనిరో చెప్పుమనవలెను. పేరు చెప్పినవారు పుటను కూడ చూపవలెను. ‘వాని వాలకము చూచిన తెలియుటలేదా’ అను మాటను గోష్ఠి అంగీకరింపరాదు. అందరును చెప్పిన తరువాత ముగింపు చదువవలెను. తప్పుదారిని నడచి ఒప్పు పేరు చెప్పినవానికంటె, సరియైన దారిని నడచి పొరబడినవానికి ఎక్కువ మెప్పు లభింపవలెను. పిల్లలును, స్త్రీలును, వృద్ధులును ఒకే వరుసను కూర్చుండవలెను. ఈ పద్ధతి బేకరు వీధి పాఠకులు పాటించినదానికి దూరము కాదు. మర్యాద రామన్న పద్ధతికి మిక్కిలి దగ్గర.

కొన్ని నెలలు ఇట్లు సాగిన పిదప, రచ్చబండపై నిజముగా ఒకని పేరు నిందతో వినబడినపుడు, గోష్ఠికి వచ్చు వారిలో ఒక్కరైనను ‘ఏ ఆధారముతో అనుచున్నారు?’ అని అడుగుదురు. ఆ ఒక్క ప్రశ్నవలన ఒక అమాయకుని గౌరవము నిలిచెనేని, అట్టలూడిన ఆ పుస్తకములు గ్రంథాలయమునకు తమ ఋణము తీర్చుకొన్నట్లే. ఇరువదియైదేండ్లు దీపము ఆరకుండ కాచిన గ్రామ గ్రంథాలయము రాబోవు కాలమున ఆ యరను కూడ ఆదరించి, దాని చెంత పదిమంది కూర్చుండుటకు ఒక చాప పరచుగాక.